నేవీ ఊళ్ళో శాంతి బడి

సభలో ఉన్న పెద్దలకీ, తోటి టీచర్లకీ, వేసవి సెలవుల్లో ఇలాంటి బడి పెట్టాలనుకుని ఎండలో ఇంత దూరం వచ్చినవాళ్ళకీ నమస్కారం.

నేను విశాఖలో గాజువాక వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. యుద్ధం, హింస గురించి పిల్లల్ని ఆలోచింపజేసే చదువుని శాంతి విద్య అంటారు. ఆ మాట విని నాలుగేళ్ళు కాలేదు. విన్న రెండో ఏడాదే పది రోజుల అంతర్జాతీయ వేసవి బడి నెత్తికెత్తుకున్నాను. అనుభవం లేదు, డబ్బు లేదు, ఇలా చెయ్యమ్మా అని చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఈరోజు కొత్తవాళ్ళకి పనికొచ్చే మాటలే చెబుతాను. ముందుగా మూడో రోజు సాయంత్రం జరిగిన సంగతి.

ఆరోజు పిల్లల్ని కురుసుర చూపించడానికి తీసుకెళ్ళాం. ఆర్కే బీచ్‌లో ఉన్న ఆ సబ్‌మెరైన్ ఈ ఊళ్ళో చూడనివాళ్ళు ఉండరు. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, ఆ మరుసటి ఏడాది మ్యూజియం అయింది. లోపల ఆ ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు నడిచి బయటికొచ్చి ఇసకలో గుండ్రంగా కూర్చున్నాం. ఆయుధాలకి పెట్టే ఖర్చు, యుద్ధాల్లో పోయే ప్రాణాలు, అన్నీ నోట్సు రాసుకుని వెళ్ళాను. చదువుకుంటూ పోతున్నాను. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసొచ్చిన పాప ఒకతి చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న నేవీలో పనిచేస్తారు.

"మేడమ్, అయితే మా నాన్న చెడ్డవాడా?"

ఏడుపు లేదు, కోపం లేదు. చెప్పులో దూరిన ఇసక వేలితో తీసుకుంటూ అడిగింది.

"కాదమ్మా" అన్నాను. కానీ అప్పటిదాకా నేను చెప్పిందంతా ఆ పిల్లకి "అవును" అనే వినపడిందని నాకు అర్థమైంది. నోట్సు మూసేశాను. ఏం మాట్లాడాలో తోచలేదు. అప్పుడు శ్రీలంక నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడు మాట అందుకున్నాడు. వాళ్ళ చిన్నాన్న సైన్యంలో పనిచేశాడట. ఇంటికొచ్చాక చాలా నెలలు తలుపు వైపు మొహం పెట్టుకునే పడుకునేవాడట. ఒకరు ఆ మాటని తెలుగులో చెప్పారు. పాప విని, "మా నాన్న షిప్ దిగి ఇంటికొచ్చిన రెండు రోజులు మేమెవరం గట్టిగా మాట్లాడం" అంది. ఇక నేను నోరెత్తలేదు. చీకటి పడేదాకా పిల్లలే మాట్లాడుకున్నారు.

ఈ ఊరు తూర్పు నౌకాదళానికి కేంద్రం. నేవీ, డాక్‌యార్డు జీతాల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళ పిల్లల మొహం చూస్తూ చెప్పలేని పాఠం ఇక్కడ చెప్పకూడదు. ఎక్కడో రాసిన పాఠాల్ని తెచ్చి వాళ్ళ ముందు చదవడం నేను చేసిన పెద్ద తప్పు.

తర్వాత చదువుకుంటే, ఈ దారిలో నడిచిన పెద్దలు ఎప్పుడో చెప్పిన విషయమే ఇది. అమెరికాలో బెట్టీ రియర్డన్ అనే ఉపాధ్యాయురాలు 1982లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో శాంతి విద్య కోసం ఒక అంతర్జాతీయ శిక్షణ మొదలుపెట్టారు. అది ఒక్కచోటే ఉండిపోలేదు. దేశం తర్వాత దేశం తిరుగుతుంది, ఏ ఊరు ఆతిథ్యం ఇస్తే ఆ ప్రాంతం సమస్య చుట్టూ పాఠాలు అల్లుకుంటారు. నార్వేకి చెందిన శాంతి పరిశోధకుడు యోహాన్ గాల్టుంగ్ 1969లోనే రాశాడు, యుద్ధం ఆగినంత మాత్రాన శాంతి వచ్చినట్టు కాదని. సమాజం అమరికలోనే ఒకరికి తిండి, గౌరవం అందకుండా ఉంటే అదీ హింసే అన్నాడు.

ఈ రెండో మాట నాకు పుస్తకంలో కంటే ముందు ఒక లాడ్జి దగ్గర అర్థమైంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు పర్మిషన్ల సంగతి చెప్పాలి. ఆరు దేశాల నుంచి పిల్లల్ని రప్పిద్దామని మొదట అనుకున్నాను. విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. వచ్చేవాళ్ళకి సరైన వీసా కావాలి. విదేశీయులు మన దగ్గర దిగితే 24 గంటల్లో ఫారం నింపి అధికారులకి తెలపాలి. నాలుగు నెలల్లో ఒక స్కూల్ టీచర్ వల్ల అయ్యే పని కాదు. మొదటి ఏడాది దీని జోలికి వెళ్ళకండి. ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్నో దేశాల విద్యార్థులు చదువుతున్నారు. వాళ్ళని పిలవండి, వస్తారు. మేం అదే చేశాం.

అలా వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆఫ్రికా కుర్రాళ్ళకి రూము కావాల్సి వచ్చింది. ఒక లాడ్జికి ఫోన్ చేస్తే ఉన్నాయన్నారు. అరగంటలో వాళ్ళని తీసుకెళ్తే, మొహాలు చూసి ఖాళీ లేవన్నారు. ఆటోలో తిరిగొస్తుంటే వాళ్ళిద్దరూ నన్నే ఓదార్చారు, "మాకు అలవాటే మేడమ్" అని. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. చివరికి ఒక టీచరమ్మ వాళ్ళింట్లో పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న ఆవిడ చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇస్తే, ఇథియోపియా అబ్బాయి గ్లాసు దించకుండా తాగి, మా ఊళ్ళో దీన్ని దగుస అంటాం అన్నాడు. చోళ్ళ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాయే కదా! వేల ఏళ్ళ కింద వాళ్ళ గింజ మన పొలంలోకి వచ్చింది, ఇప్పటికీ మన ఆకలి తీరుస్తోంది. మేం ఆరోజు టైంటేబుల్ పక్కనపెట్టి లాడ్జి గురించీ చోళ్ళ గురించీ మాట్లాడుకున్నాం. పది రోజుల్లో అంతకంటే మంచి క్లాసు జరగలేదు.

బడి పెట్టిన రెండో ఏడాది పాఠాలన్నీ ఈ ఊరి నుంచే తీశాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీని కూడా గుంటూరుకి తరలించారు. మా అమ్మమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి బండెక్కామని చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు భయపడి ఇల్లు వదిలిన రోజు ఏదో అడిగి రమ్మని పిల్లలకి చెప్పాం. హుద్‌హుద్ తుపాను చెప్పినవాళ్ళున్నారు, ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేసిన రోజు చెప్పినవాళ్ళున్నారు. ఒక్కొక్కరూ చదువుతుంటే ఎవరూ కదల్లేదు.

తర్వాత విశాఖ దగ్గరి తొట్లకొండ. 1970ల్లో నేవీ కొత్త స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ బౌద్ధారామం బయటపడింది. ఈ మాట చెప్పినప్పుడు నేవీ పిల్లల మొహాలు చూడాలి! మనం ఉన్నది పాత కళింగ నేల కాబట్టి అక్కడ కూర్చుని అశోకుడి సంగతి తీశాం. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, అందుకు తను బాధపడుతున్నానని 13వ శిలాశాసనంలో చెప్పాడు. అయితే కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడలో ఆ శాసనం చెక్కించలేదు. వాటి బదులు, ప్రజలందరూ నా బిడ్డలు, వాళ్ళని న్యాయంగా చూడండి అని అధికారులకి చెప్పిన వేరే శాసనాలున్నాయి. దెబ్బ తిన్నవాళ్ళకి తప్ప మిగతా అందరికీ ఎందుకు చెప్పుకున్నాడు అని పిల్లలు రెండు జట్లయి వాదించుకున్నారు. పుండు మీద కారం చల్లకూడదనుకున్నాడని కొందరు, మొహం చెల్లలేదని కొందరు. ఎటూ తేల్చకుండానే కొండ దిగాం. తేల్చమని నేనూ అడగలేదు.

మే నెలలో పెడితే పాఠాలు పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే పెట్టండి, మళ్ళీ ఎండ తగ్గాకే. అనువాదం చేసేవాళ్ళని ఒక్కరితో సరిపెట్టకండి, సగం రోజుకే గొంతు పోతుంది.

ఎల్లుండి ఆదివారం పొద్దున్న ఆరింటికి తొట్లకొండ కింద రోడ్డు దగ్గర కలుస్తున్నాం. మీలో వీలున్నవాళ్ళు రండి. నీళ్ళ సీసా, టోపీ తెచ్చుకోండి, పైన నీడ తక్కువ. ఆరోజు ఇసకలో నన్ను అడిగిన పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కొండ మీది నీటి తొట్ల దగ్గర పాఠం తనే చెబుతుంది. వాళ్ళ నాన్నగారి షిప్ ఈ వారం ఒడ్డునే ఉందట. ఆయన కూడా వస్తానన్నారు.