కదలని గడియారానికి రైలింజన్ ఒంపులు ఎందుకు?

[తెర మీద: జెఫిర్ గడియారం, బాగా దగ్గరగా]

"బల్ల మీద కదలకుండా కూర్చునే గడియారానికి రైలింజన్ ఒంపులేంటండీ? అంతా షోకు!" స్ట్రీమ్‌లైన్ డిజైన్, అంటే గాలిని చీల్చుకుపోయే రైలులా వస్తువులకు నున్నటి ఒంపులిచ్చే పద్ధతి, దాని ఊసెత్తితే చాలు, ఈ మాట వినాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోతుంది. షోకే, ఒప్పుకుంటాను. కానీ పెట్టె లోపల ఏముందో చూడకుండా ఆ మాట అనేస్తే ఎలా?

ఇది జెఫిర్. 1934 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని లాసన్ టైమ్ కంపెనీ తెచ్చింది. బెర్లిన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కెమ్ వెబర్ డిజైన్ అని చెబుతారు. పొడవు సుమారు 8 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాల పైచిలుకు. ఇత్తడి, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్). ముళ్ళు లేవు, డయల్ లేదు. చిన్న కిటికీలో అంకెల చక్రాలు తిరుగుతుంటాయి.

ఇందులో లోలకం లేదు, కీ ఇచ్చే స్ప్రింగ్ లేదు. మరి టైమ్ ఎక్కడినుంచి వస్తోంది? గోడకున్న ప్లగ్గులోంచి!

భజన చూసే ఉంటారుగా. ముందు కూర్చున్నాయన తాళం వేస్తాడు, మిగతా వాళ్ళంతా దాన్నే పట్టుకుని పాడతారు. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే 60 ఆవృత్తులు. అదే తాళం. వేసేది పవర్ స్టేషన్‌లోని జనరేటర్. గడియారంలోని సింక్రనస్ మోటారు ఆ తాళాన్ని తప్పకుండా తిరుగుతుంది. ఊళ్ళో ఇలాంటివి వెయ్యి ఉన్నా అన్నిటికీ తాళం ఒక్కటే.

తాళం వేసే ఆయనే తడబడితే? మొదట్లో ఆ ఇబ్బందే ఉండేది. దాన్ని తీర్చినవాడు హెన్రీ వారెన్ అనే అమెరికన్ ఇంజనీర్. 1916లో బోస్టన్ ఎడిసన్ పవర్ స్టేషన్‌లో ఒక మాస్టర్ క్లాక్ పెట్టించాడు. ఒక ముల్లు లోలకంతో నడుస్తుంది, ఇంకోటి ఆ స్టేషన్ కరెంటుతోనే. రెండూ విడిపోయాయంటే ఆపరేటర్ జనరేటర్ వేగం సరిచేయాలి. తాళం వేసే ఆయన తప్పు పట్టడానికి పక్కనే ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టారన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇప్పుడు పెట్టె చూడండి. లోలకం ఉంటే ఎత్తు కావాలి. ముళ్ళుంటే డయల్ కావాలి. ఇక్కడ చిన్న మోటారు, కొన్ని పళ్ళచక్రాలు, అంకెల చక్రాలు, అంతే. అందుకే గడియారాన్ని ఇలా నేలబారుగా పడుకోబెట్టగలిగారు. మూలలు గుండ్రంగా తిప్పి, వెలుతురు ఇత్తడి మీద ఎక్కడా ఆగకుండా జారిపోయేలా చేశారు. దీన్ని నేను శిల్పమనే అంటాను.

[తెర మీద: బర్లింగ్టన్ జెఫిర్ రైలు]

టైమ్ లేదు, మిగతాది గబగబా చెప్పేస్తాను. 1929 స్టాక్ మార్కెట్ పతనం తర్వాత సరుకు అమ్ముడుపోక, దానికి కొత్త రూపం ఇమ్మని కంపెనీలు డిజైనర్లను పిలిచాయి. 1934 మేలో ఈ బర్లింగ్టన్ జెఫిర్ రైలు డెన్వర్ నుంచి షికాగోకి 13 గంటల 5 నిమిషాల్లో చేరింది. జనం కళ్ళన్నీ ఆ ఆకారం మీదే! గడియారాలు చేసే లారెన్స్ హామండ్ అయితే ఇదే రకం మోటారుతో 1935లో హామండ్ ఆర్గాన్ అనే కరెంటు సంగీత వాయిద్యం తెచ్చాడు. అంటే తాళం నిజంగానే పాటలోకి వెళ్ళింది.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇలాంటిది కొని ఇండియాకి తెద్దామనుకుంటే ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులే. గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప తాళాన్ని మార్చలేదు. తాళాన్నే మార్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి. పాత వైరు పెళుసుబారి ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే ప్లగ్ పెట్టండి.