చేయి వేసే ముందు ఒక మాట

అందరికీ నమస్కారమండి.

గోదావరి జిల్లాల ఆసుపత్రుల నుంచి వచ్చిన డాక్టర్లు, సైకాలజిస్టులు, స్టాఫ్ నర్సులు, సోషల్ వర్కర్లు ఈ హాల్లో ఉన్నారు. ఎంఎన్‌ఓలను, ఎఫ్‌ఎన్‌ఓలను (వార్డుల్లో సాయం చేసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలను), సెక్యూరిటీ వాళ్ళను కూడా పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టమని నిర్వాహకులను గట్టిగా అడిగాం. రాత్రి రెండు గంటలకు వార్డులో పేషెంటు కేకలు పెడితే మొదట చేయి వేసేది వాళ్ళే కదండీ. డ్యూటీ డాక్టరు మెట్లెక్కి వచ్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. వాళ్ళను బయట నిలబెట్టి లోపల డాక్టర్లకు మాత్రమే పాఠం చెప్పే శిక్షణ దండగ.

ట్రామా మీద, అంటే భయంకరమైన అనుభవం మనసుకు చేసే గాయం మీద, మన దగ్గర తరగతులు జరగడం లేదని కాదు. 1980లో పీటీఎస్‌డీ (ఆ గాయం తర్వాత పట్టి పీడించే జబ్బు) అనే రోగనిర్ధారణ అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా డీఎస్‌ఎమ్‌లోకి వచ్చిందనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి వేరే చోటు దొరికిందనీ స్లైడ్ల మీద చూపిస్తారు. తెలుసుకోవాల్సిందే. కానీ ఆ స్లైడ్లు రాసుకున్న పీజీ డాక్టరే మర్నాడు రౌండ్స్‌లో పదిమంది ముందు నిలబడి, మంచం మీదున్న మనిషిని ‘మీ ఆయన కొడతాడామ్మా?’ అని అడుగుతాడు. ఆమె ‘లేదండి’ అంటుంది. కేస్ షీట్‌లో ‘హింస లేదు’ అని ఎక్కుతుంది. తర్వాత చూసే ప్రతి డాక్టరూ ఆ మాటే చదువుకుంటాడు. మనం మార్చుకోవాల్సింది ఆ రౌండును.

ట్రామాకు వైద్యం చేయడం ఒక పని. ట్రామా ఉండొచ్చన్న ఎరుకతో వార్డు నడపడం ఇంకో పని. ఈఎమ్‌డీఆర్ (కళ్ళ కదలికలతో చేసే చికిత్స), ట్రామా కేంద్రంగా చేసే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స) లాంటివి విడిగా శిక్షణ తీసుకున్నవాళ్ళే చేయాలి, పర్యవేక్షణలో చేయాలి. రెండో పనికి మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి హెచ్‌ఓడీ దాకా అందరూ కావాలి. లోపలికి వచ్చిన ఏ మనిషికైనా వెనక ఏదో జరిగి ఉండొచ్చు. అది మనకు చెప్పినా చెప్పకపోయినా, మన తాళం, మన గొంతు, మన చేయి ఆ పాత సంగతిని మళ్ళీ జరిపించకూడదు. ఇవాళ్టి శిక్షణంతా దీని చుట్టూనే.

మన డెల్టాలో గాయాలు ఎక్కణ్ణించి వస్తాయో అందరికీ తెలుసు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళు ఇప్పటికీ ఓపీకి వస్తున్నారు. 2014లో కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు అంటుకుంది. 2022 జులైలో లంకలన్నీ మునిగాయి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మైకులో ఆ మాట వినపడితే నీళ్ళు ఇంకా గుమ్మం దాకా రాకపోయినా నిద్ర పట్టని మనుషులుంటారు. జులై నుంచి నవంబరు దాకా, పాత పేషెంటు ఉన్నట్టుండి చెడిపోయి వస్తే మందు మార్చే ముందు వాన గురించి, ఊరి గురించి అడగండి.

అయితే వరద పేపర్లో పడుతుంది. ఇంట్లో తినే దెబ్బలు, చిన్నప్పుడు దగ్గరివాళ్ళు చేసిన పాడుపని ఏ పేపర్లోనూ రావు. మా అంచనాలో ఓపీకి వచ్చే బరువులో పెద్ద భాగం అదే. కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన కోనసీమ ఆడవాళ్ళ సంగతి ఒకసారి ఆలోచించండి. పాస్‌పోర్టు లాగేసుకుని గదిలో పెట్టి తాళం వేస్తే పడినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆ డబ్బుతో ఇక్కడ డాబా లేచింది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ కథ వినాలని ఉండదు. అలాంటి మనిషిని వార్డులో చేర్చుకుని బయట గడియ వేస్తే ఆ చప్పుడు ఆమెకు ఏ ఊళ్ళోది అనిపిస్తుంది?

ఆ మనిషి మన దగ్గరికొచ్చి ‘నాకు ట్రామా ఉందండి’ అనదు. గుండె దడ అంటుంది, ఒంట్లో మంటలంటుంది, అరికాళ్ళు తిమ్మిర్లు, తల దిమ్ము, నరాల బలహీనత అంటుంది. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడాల్సిందే. అవి బాగున్నాయని ‘నీకేం లేదమ్మా’ అని పంపేయడంతోనే తలుపు మూసుకుపోతుంది. ‘పరీక్షలు బాగున్నాయి, బాధ మాత్రం నిజమే, ఎప్పుడు మొదలైందో మాట్లాడుకుందాం’ అనాలి. అది పదిహేను సెకన్ల పని.

ఇంక మొదటి పది నిమిషాల సంగతి. కుర్చీలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. పేషెంటుకూ తలుపుకూ మధ్య మీరు కూర్చోకూడదు. వెంటవచ్చిన అత్తగారితోనో భర్తతోనో ముందు ఐదు నిమిషాలు మాట్లాడి, ‘ఇప్పుడు ఆవిడతో ఒక్కరితో మాట్లాడడం మా పద్ధతండి, అందరికీ ఇలాగే చేస్తాం’ అని బయటికి పంపండి. ‘అందరికీ’ అనకపోతే ఇంటికెళ్ళాక ‘డాక్టరుతో ఏం చెప్పావ్?’ అన్న విచారణ మొదలవుతుంది. తర్వాత ఎంతసేపు మాట్లాడతామో, ఏది రాస్తామో, అది ఎవరు చదువుతారో చెప్పండి. దాచలేని సంగతి ఉంటే అదీ ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి అని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. పిల్ల అంతా చెప్పాక ఈ మాట బయటపెడితే, మనమూ మోసం చేసినవాళ్ళమే అవుతాం.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. ‘చాలామందికి జీవితంలో మరిచిపోలేని భయంకరమైనవి జరుగుతుంటాయి. మీకూ అలాంటివేమైనా జరిగాయా? వివరాలు ఇప్పుడు చెప్పక్కర్లేదు’ అంటే చాలు. ఔనంటే, గత నెలలో పీడకలలు వచ్చాయా, ఆ చోటు వైపు పోవడం మానేశారా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా, మనసు మొద్దుబారినట్టుందా, తప్పు తనదే అనిపిస్తోందా అని అడగాలి. పీటీఎస్‌డీ ఉందేమో తొలిగా చూసే పీసీ-పీటీఎస్‌డీ-5 ప్రశ్నావళిలో ఉన్న ఐదు ప్రశ్నలూ ఇవే. శిక్షణ పొందినవాళ్ళు కొత్త ఉత్సాహంలో ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే ఉంది. తీగ దొరికింది కదా అని మొదటి రోజే డొంకంతా కదిలిస్తారు. ఆమె చెప్తూ చెప్తూ చూపు నిలిపేస్తుంది, చేతులు చల్లబడతాయి, మాట ఆగిపోతుంది. వచ్చే వారం రాదు. చూపు నిలిచిపోతే కథ ఆపేయండి. పాదాలు నేలకు ఆనించమనండి, గదిలో కనపడేవి ఐదు చెప్పమనండి, ఇవాళ ఏ వారమో అడగండి. మనిషి తిరిగి గదిలోకి వచ్చాకే మిగతా మాట.

దీనికి అవతలి తప్పు కూడా ఉంది. ప్రతిదానికీ ట్రామా అని పేరు పెట్టేసి, సారా మానేసిన మూడో రోజు డెలీరియంను (మతి తప్పి కలవరించడాన్ని), కొత్తగా మొదలైన సైకోసిస్‌ను (వాస్తవంతో సంబంధం తెగిపోయే జబ్బును) దాటేయడం. ‘ఎవరో తరుముతున్నారు’ అనేది జరిగిన సంగతీ కావచ్చు, భ్రమా కావచ్చు, రెండూ కావచ్చు. రెండూ చూడండి.

క్యాజువాలిటీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇరవై ఏళ్ళ అమ్మాయిని ఆటోలో తెస్తారు. ఒళ్ళు విరుచుకుంటోంది, కళ్ళు గట్టిగా మూసుకుంది, తల అటూ ఇటూ ఆడిస్తోంది. ‘హిస్టీరియా, నటిస్తోంది’ అని ఎవరో అంటారు. అమోనియా దూది ముక్కుకు నొక్కుతారు, రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దుతారు. నొప్పికి ఆమె కళ్ళు తెరుస్తుంది. ‘చూశారా’ అని నవ్వుతారు. వీటిని డిసోసియేటివ్ ఫిట్స్ అంటారు, మనసు తట్టుకోలేక వచ్చేవి. ఇవి నటన కాదు, ఆమె చేతిలో ఉన్నది కాదు. వీటి వెనక హింస, లైంగిక దాడి చరిత్ర చాలామందిలో ఉంటుంది. అలాంటి మనిషిని బల్ల మీద అదిమిపట్టి నొప్పి పుట్టించడమంటే ఏం చేస్తున్నామో చూసుకోవాలి. చేయాల్సింది ఇది: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గట్టి వస్తువులు తీసేయండి, షుగర్ చూడండి, జనాన్ని పంపేయండి. ఒక్కరే మాట్లాడాలి: ‘మీరు ఆసుపత్రిలో ఉన్నారు, నేను సిస్టర్‌ని, ఇది తగ్గిపోతుంది.’ కళ్ళు మూసుకోవడం, తల ఆడించడం సూచనలు మాత్రమే. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చకండి. మూర్ఛా ఇదీ ఒకే మనిషిలో ఉండొచ్చు. అనుమానం ఉండి ఐదు నిమిషాలు దాటితే మూర్ఛకు చేసే వైద్యమే చేయండి. ఇంకోటి, జాతరలో అమ్మవారు పూని గంటలో మామూలైపోయి, ఊరికీ ఆమెకూ ఏ ఇబ్బందీ లేకపోతే అది మన కేసు కాదు.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళకు పొట్ట కడుగుతూ ‘చావాలనుకున్నదానివి ఇక్కడికెందుకొచ్చావ్’ అనడం వినిపిస్తూనే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటోంది. తిట్టడం చట్టానికీ విరుద్ధం, వైద్యానికీ విరుద్ధం. డిశ్చార్జి కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416 రాసివ్వండి. అది రాత్రీ పగలూ పలికే నంబరు.

ఇప్పుడు కట్టేయడం గురించి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలోని మానసిక రోగుల ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో కాలిపోయారు. ఇవాళ గొలుసు నిషేధం. ఒంటరిగా గదిలో బంధించడమూ నిషేధం. అదే 2017 చట్టం 97వ సెక్షన్ ప్రకారం మనిషిని పట్టి ఉంచడానికి వేరే ఏ దారీ లేదని, ప్రమాదం అప్పటికప్పుడే ఉందని తేలాలి. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి. ఎలా పట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నది రాయాలి. నామినేటెడ్ ప్రతినిధికి, అంటే పేషెంటు తరఫున నిలబడే మనిషికి, 24 గంటల్లో చెప్పాలి. స్టాఫ్ తక్కువున్నారన్నది కారణంగా చెల్లదు. శిక్షగా అసలే చెల్లదు.

చట్టం చెప్పాక చేత చేయించాలి. మొదట ఒక్కరే రెండు చేతుల దూరంలో నిలబడి, అరచేతులు కనపడేలా పెట్టి, నెమ్మదిగా మాట్లాడతారు. మిగతావాళ్ళు వెనక్కి ఉంటారు. మాత్ర ఇవ్వజూపండి, నీళ్ళివ్వండి, ఎవరు దగ్గరుంటే బాగుంటుందో అడగండి. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే ఐదుగురు కావాలి. కాళ్ళకు చేతులకు నలుగురు, తల దగ్గర ఒకరు. తల దగ్గరి మనిషే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరెత్తకూడదు. బోర్లా పడేయకండి. వీపు మీద, ఛాతీ మీద మోకాలు పెడితే ఊపిరాడక ప్రాణం పోతుంది. ఆడ పేషెంటైతే ఆడవాళ్ళు ఉండాలి, తెర లాగాలి. ఇంజెక్షన్ కోసం బట్ట జరిపే ముందు ‘ఇప్పుడు బట్ట కొంచెం జరుపుతున్నానమ్మా, మందు ఇచ్చి కప్పేస్తాను’ అని చెప్పాలి. ఆ ఒక్క మాట లేకుండా నలుగురు పట్టుకుని బట్ట లాగితే ఆమెకు అది ఇంజెక్షన్ అని ఎలా తెలుస్తుంది?

ఉద్రేకం తగ్గించే మందుల్లో హాలోపెరిడాల్ ఒక్కటే ఇవ్వకండి, ప్రోమెథజీన్ కలపండి. లేకపోతే మెడ వంకర తిరిగి, నాలుక బిగుసుకుని, ఆ భయం కొత్త గాయమై కూర్చుంటుంది. ఓలాంజపీన్ ఇంజెక్షన్‌తో పాటు లోరజపామ్ ఇంజెక్షన్ ఇవ్వకండి. మొదటి గంట పావుగంటకొకసారి బీపీ, నాడి, ఊపిరి చూడండి. మర్నాడు పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి. ఏది భయపెట్టింది? మళ్ళీ అలా మొదలయ్యేటప్పుడు మాకు ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేస్తే తగ్గుతుంది? జవాబులు కేస్ షీట్ మొదటి పేజీలో అంటించండి. నైట్ డ్యూటీ వాళ్ళు చదివేది ఆ పేజీనే.

విపత్తుల దగ్గర ఒక్క మాట. పునరావాస కేంద్రంలో మనుషుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పించే డీబ్రీఫింగ్ వద్దు. దాని వల్ల పీటీఎస్‌డీ తగ్గదని తేలిపోయింది. చూడటం, వినడం, కావలసిన చోటికి కలపడం చాలు. ఆల్ప్రజోలామ్ లాంటి నిద్ర, మత్తు మాత్రలు పంచిపెట్టొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది, అక్టోబరు 22కి గానీ పైకి రాలేదు. అన్నాళ్ళు శవం లేకుండా ఎదురుచూసిన ఇళ్ళున్నాయి. వేటకెళ్ళి తిరిగిరాని మత్స్యకారుల ఇళ్ళల్లోనూ ఇంతే. బొట్టు తీయాలో ఉంచాలో తెలియని భార్యను ‘వాస్తవం ఒప్పుకో’ అని తొందరపెట్టకండి. ఆమె ఒకే రోజు రెండు రకాలుగానూ మాట్లాడొచ్చు. కర్మ ఎప్పుడు చేయాలన్నది ఆ ఇంటి నిర్ణయం. మన సోషల్ వర్కరు చేయగలిగింది మరణ ధ్రువీకరణ, పింఛను, పరిహారం కాగితాల దగ్గర ఉంది. ఆచూకీ లేని మనిషి విషయంలో మామూలుగా చట్టం ఏడేళ్ళ లెక్క అడుగుతుంది కాబట్టి ఆ ఇంటికి అదే పెద్ద దెబ్బ.

శిక్షణ ఎలా పెట్టాలంటే, వరసగా ఐదు రోజులు పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టకండి. రెండు రోజులు హాల్లో, తర్వాత మూడు నెలలు వారానికో గంట వార్డులో పెట్టండి. హాల్లో ముగ్గురేసి జట్లు. ఒకరు పేషెంటు, ఒకరు స్టాఫ్, ఒకరు చూసేవారు. ఏడు నిమిషాలు ఆడి, మూడు నిమిషాలు చెప్పుకోవాలి. చూసేవారు ‘బాగుంది’ అంటే కుదరదు. ముట్టుకునే ముందు చెప్పారా, తలుపు దారి వదిలారా, ఎన్నిసార్లు మధ్యలో అడ్డొచ్చారు అన్నవి చూసి చెప్పాలి. సొంత జీవితంలో జరిగింది ఎవరూ ఆడకూడదు. బయటికెళ్ళాలనిపిస్తే అడగకుండా వెళ్ళొచ్చు. ఈ గదిలోనూ గాయపడినవాళ్ళు ఉంటారు. వింటూ వింటూ కొత్తగా గాయపడేవాళ్ళూ ఉంటారు. రోజూ ఇవే కేసులు చూసే సైకాలజిస్టుకు నిద్ర చెడితే అది చేతగానితనం కాదు. డ్యూటీ మార్చాల్సిన సంగతి. కాంట్రాక్టు స్టాఫ్ మారిపోతుంటారు కాబట్టి కొత్తవాళ్ళు చేరిన వారంలోనే వార్డు సిస్టరు ఒక పూట నేర్పే ఏర్పాటుండాలి. లేకపోతే ఆరు నెలలకు ఏమీ మిగలదు.

పని జరిగిందో లేదో ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో తెలియదు, భోజనం బాగుంటే వాటిలో మార్కులు పడతాయి. మనిషిని పట్టి ఉంచిన ప్రతిసారీ రాసే రిస్ట్రెయింట్ రిజిస్టరు చూడాలి. నెలకు ఎన్నిసార్లు, ఏ షిఫ్టులో, ఒక్కోసారి ఎన్ని నిమిషాలు, స్టాఫ్‌కు ఎన్ని దెబ్బలు తగిలాయి, ఎంతమంది చెప్పకుండా వెళ్ళిపోయారు. మొదటి నెలలో అంకె పెరిగితే గాభరా పడకండి, అంతకుముందు రాయనివి ఇప్పుడు రాస్తున్నారని అర్థం. టీ అయ్యాక మీ మీ వార్డుల గత మూడు నెలల రిజిస్టర్లు పట్టుకుని ఈ బల్లల దగ్గరికి రండి. రిజిస్టరు లేని వార్డువాళ్ళు తెల్లకాగితం తెచ్చుకోండి, గీతలు కొట్టడం దగ్గర్నుంచి మొదలుపెడదాం.