రంగు వేయకముందు చూపించండి

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ముందు వరుసలో కూర్చున్న మత్స్యకార పెద్దలకు విడివిడిగా నమస్కరించాలి. పరిచయాలకే చాలా సమయం పట్టింది కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నాను, మన్నించండి.

ఇంజనీర్ల దినోత్సవానికి నాకిచ్చిన అంశం ‘కాంపోజిట్ పదార్థాల భవిష్యత్తు’, అంటే పోగునూ రెజిను అనే జిగురునూ కలిపి చేసే పదార్థాలు. విమానాల గురించి, గాలిమరల రెక్కల గురించి రాసుకొచ్చాను. పిల్లలూ, ఆ సంగతులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ముందు వరుసలో వీళ్లను చూశాక నాకు ఆ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు. వీళ్లు రేపు తెల్లవారకముందే ఫైబరు పడవల్లో, అంటే గాజు గుడ్డను రెజినుతో తడిపి పొరలుగా వేసి చేసిన పడవల్లో, సముద్రంలోకి వెళతారు. అందుకని ఆ గుడ్డలో లేచే ముడతల గురించి మాట్లాడతాను.

ఇస్కపల్లి ఒడ్డున ఒక పడవను బాగుచేయమని నన్ను పిలిచారు. కొత్త పడవే. ముక్కు పక్కన, వంపు తిరిగే చోట జానెడు చీలిక. రాయికి తగిలిందా అని అడిగాను. “ఇక్కడ రాయి ఎక్కడిదన్నా, అంతా ఇసుకే కదా” అన్నాడు పడవ యజమాని. లోపలి వైపు గ్రైండరు పెట్టి రంగు తీశాను. రంగు కింద పుట్టీ. పుట్టీ కింద, మడిచిపెట్టినట్టు లేచి నిలిచిన రోవింగు, అంటే దళసరి గాజు గుడ్డ. చీలిక సరిగ్గా ఆ మడత వెంబడే పోయింది. పడవ చేసిన షెడ్డు పేరు చెప్పను. వాళ్లకు ఆ ముడత కనిపించింది. కనిపించబట్టే పుట్టీ పెట్టారు. నాకు కోపం వచ్చింది అందుకే.

ముడత అంటే అందానికి సంబంధించిన లోపమని అనుకునేవాళ్లు చాలామంది. కాదు. గాజు పోగుకు ఉన్న బలమంతా అది తిన్నగా ఉన్నంతవరకే. వంకర తిరిగిన పోగును లాగితే ముందు తిన్నగా కావాలని చూస్తుంది, నొక్కితే ఇంకా వంగుతుంది. రెండు రకాలుగానూ పొరలు విడిపోతాయి. మడత సందులో రెజిను మాత్రమే నిండుతుంది, లేదా గాలి మిగులుతుంది. పోగులేని రెజిను పెళుసు. పుట్టీ కూడా పోగులేనిదే. మన ఒడ్డున చాలా చోట్ల పడవను ఇసుక మీద నుంచి కెరటాల్లోకి తోయాలి. ప్రతి కెరటానికీ ఆ ముక్కు కొంచెం లోపలికి నొక్కుకుని మళ్లీ యథాస్థితికి వస్తుంది. ముడత ఉన్న చోటు దాన్ని ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ఇప్పుడు మీరందరూ చేతిరుమాలు తీయండి. అవును, పెద్దలు కూడా. పోగుల వెంబడి లాగి చూడండి, సాగదు. మూల నుంచి మూలకు లాగండి, సాగింది కదా? పోగు సాగలేదు, పోగుల మధ్య కోణం మారింది. దాన్ని మోకాలి మీద పరచి నాలుగు వైపులా కిందికి దిగలాగండి. కొంతవరకు ఒదుగుతుంది, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట లేస్తుంది. గాజు గుడ్డ కూడా ఇంతే. గాజు పోగు నూటికి నాలుగైదు పాళ్లు సాగేలోపే తెగుతుంది కాబట్టి, రెండు వైపులా వంపు ఉన్న మౌల్డులో, అంటే పడవ అచ్చులో, గుడ్డ ఒదగాలంటే కోణం మారడమే దారి. ఆ కోణం ఒక హద్దు దాకే మారుతుంది. హద్దు దాటితే పోగులు ఒకదానికొకటి అడ్డుపడి గుడ్డ పైకి లేస్తుంది. ముడత పుట్టేది అక్కడే. సాదా నేత త్వరగా బిగుసుకుంటుంది, ట్విల్, శాటిన్ నేతలు ఎక్కువ ఒదుగుతాయి. వంపు చోట గుడ్డను 45 డిగ్రీలు తిప్పి వేయడం వల్ల కూడా చాలాసార్లు పని జరుగుతుంది.

అంచులు ముందు అంటించకండి. వంపు నడుమ మొదలుపెట్టి బయటికి రోలరు తిప్పండి, మిగులు గుడ్డ అంచుకు చేరుతుంది. అప్పటికీ ఒదగకపోతే కత్తెర పెట్టండి. కోత పెట్టిన చోట గుడ్డ ఒకదాని మీద ఒకటి 50 మిల్లీమీటర్లు ఎక్కి ఉండాలి. ఒక పొర కోత మీద ఇంకో పొర కోత పడకూడదు. అలా సరిగా ఎక్కిన కోత ముడత కంటే ఎన్నో రెట్లు మేలు. మ్యాటు అయితే, అంటే నేత లేకుండా తరిగిన గాజు పోగులను జిగురుతో అతికినది అయితే, తడిపి కాసేపు ఆగండి. రెజినులో ఉండే స్టైరీను అనే ద్రవం మ్యాటు జిగురును కరిగిస్తుంది, అప్పుడు మెత్తబడి తనే ఒదుగుతుంది.

ఆగమంటే మన ఎండలో ఎలా ఆగుతాం అని షెడ్డువాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 10 డిగ్రీల వేడి పెరిగితే రెజిను గడ్డకట్టే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో గుడ్డ సర్దేలోపే డబ్బాలో రెజిను బిగుస్తుంది. రెజినును గట్టిపరిచే హార్డనరు బాగా తగ్గిస్తే సరిపోతుందనుకోకండి, నూటికి ఒక పాలు కంటే తగ్గితే సరిగా గట్టిపడదు. తెల్లవారుజామున పని పెట్టుకోండి, రెజిను కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఈ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్టు ద్రావణాన్నీ హార్డనరునూ నేరుగా ఎప్పుడూ కలపకండి, మంటలు లేస్తాయి. కోబాల్టు ముందు రెజినులో పూర్తిగా కలవాలి, ఆ తర్వాతే హార్డనరు. విద్యార్థులూ, ఇది రాసుకోండి.

పొరల లెక్క కూడా రాసుకోండి. 90 డిగ్రీల మూలలో లోపలి పొరకూ బయటి పొరకూ పొడవులో తేడా మందానికి ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. 8 మిల్లీమీటర్ల మందానికి 12 మిల్లీమీటర్ల పైమాటే. మూల ఎంత గుండ్రంగా ఉన్నా ఈ తేడా మారదు. అన్ని పొరలూ ఒకే కొలతకు కత్తిరించి ఒకేసారి మౌల్డులో నొక్కితే ఆ మిగులు ఎక్కడికి పోతుంది? లోపలి వైపు ముడతగా లేస్తుంది. లేవకుండా లాగి పట్టుకుంటే మూలకు ఆనకుండా గాలి మిగులుతుంది. పొర పొరకూ కొలత మార్చాలి, ఒక్కొక్కటే ఒత్తుకుంటూ పోవాలి. 2022 వరకూ మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి పిఎస్‌ఎల్‌వి ఎగురుతుంటే మేడలెక్కి చూస్తాం. దాని మూడో దశ మోటారు గొట్టం కూడా పోగూ రెజినే, కెవ్లార్ పోగు. అక్కడ పోగు తీరును ఎంత పట్టిపట్టి చూస్తారో, మన పడవ ముక్కునూ అలా చూడకూడదా? పడవలో ఉండేది మనుషులు కదా.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మన తీరానికి ఫైబరు పడవలు చాలా వచ్చాయి. అవసరం పెద్దది, తొందర ఇంకా పెద్దది. ఆ తొందర కొన్ని షెడ్లలో అలవాటుగా మిగిలిపోయింది.

పెద్దలారా, పడవకు బయానా ఇచ్చేటప్పుడే ఒక మాట అనుకోండి: లోపల రంగు వేయకముందు మాకు చూపించాలి. ఆ రోజు పగటి వెలుగులో వెళ్లండి. ముక్కు వంపూ అడుగు మూలలూ చేత్తో తడమండి, నాణెంతో తట్టండి. బోలు చప్పుడు వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడ కోసి మళ్లీ వేయమనండి. మొహమాటపడకండి. డబ్బు మీది, ప్రాణం మీది.

ప్రిన్సిపాల్ గారూ, మీ పిల్లలు ప్రయోగశాలలో చదును పలకలే పోస్తున్నారు. చదును పలకలో ఒదగడమనే సమస్యే రాదు. నా దగ్గర పడవ ముక్కు మౌల్డు ఒకటి ఖాళీగా ఉంది. గాలి బాగా ఆడే గది ఒకటి ఇప్పించండి, ఈ వారమే మౌల్డు తెచ్చి పెడతాను, మొదటి పొర వేయడం నేనే దగ్గరుండి నేర్పుతాను.