దొర మారితే చేను ఎవరిది?

కడపలో ఈ విషయం మాట్లాడాలంటే 1800 అక్టోబరు నుంచి ఎత్తుకోవాలి. ఈస్టిండియా కంపెనీ పటాలం ఖర్చు కింద నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చేశాడు. మనల్ని అడిగినవాళ్లు లేరు. తాతల నాటి చేను ఎక్కడిదక్కడే ఉంది, పైన దొర మారాడు. మరి చేను ఎవరిది?

సార్వభౌముడు మారినంత మాత్రాన ప్రైవేటు ఆస్తి పోదని అంతర్జాతీయ న్యాయం అంటుంది. పోలండ్ కిందికి వచ్చిన నేలలో ఉన్న జర్మన్ రైతుల విషయంలో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టు 1923లో చెప్పిందీ అదే. కంపెనీ కలెక్టరు థామస్ మన్రో కూడా ఇక్కడ రైతుకు పట్టా ఇచ్చి శిస్తు నేరుగా కట్టించుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరి కావలి కాసిన కట్టుబడివాళ్ల మాన్యాలు తర్వాత్తర్వాత ఊడిపోయాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. సూత్రం వేరు, జమాబందీ (శిస్తు లెక్క) వేరు.

దొర చేను తీసుకోనే కూడదా? తీసుకోవచ్చు, తగిన పరిహారం ఇచ్చి. సహజ వనరుల మీద దేశాలకు శాశ్వత సార్వభౌమత్వం ఉందని చెప్పిన 1962 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానంలో కూడా ఆ షరతు ఉంది. గొడవంతా ఆ 'తగిన' దగ్గరే. మెక్సికో అమెరికన్ల పొలాలు తీసుకుని పేదలకు పంచితే, 1938లో అమెరికా విదేశాంగ మంత్రి కోర్డెల్ హల్ డబ్బు వెంటనే, పూర్తిగా, చెల్లుబాటయ్యేలా ఇవ్వాలని పట్టుబట్టాడు. మా రైతుకు లేని హక్కు మీ వాళ్లకెందుకని మెక్సికో ఎదురడిగింది. నాకు ఆ ప్రశ్న మీదే మనసు.

ఎందుకంటే 1978లో 44వ సవరణ మన ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300-ఎ అధికరణంలో పెట్టింది. ఆ తర్వాత 1994లో బ్రిటన్‌తో పెట్టుబడుల ఒప్పందం చేసుకున్నాం. పాత లావాదేవీల మీద పన్ను వేశారని బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ ఆ ఒప్పందం పట్టుకుని అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరికి పోయింది. 2020 డిసెంబరులో మధ్యవర్తులు 120 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మన్నారు. మరుసటేడు ప్యారిస్‌లోని మన ప్రభుత్వ ఆస్తుల దాకా వచ్చింది వ్యవహారం. ఆగస్టుకల్లా ఆ పన్ను చట్టమే మారింది. పరిహారం చాలని మన రైతు ఏ ప్యారిస్‌కు పోతాడు?

విదేశీ కంపెనీల భయం అబద్ధమని నేననను. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియని కౌలు చేలో చీనీ చెట్లు ఎవరు నాటుతారు? ఆర్థికశాస్త్రం చెప్పేది ఇదే.

మన ప్రభుత్వం పెట్టుబడుల కోసం తయారుచేసుకున్న 2015 నమూనా ఒప్పందంలో మాత్రం, కంపెనీలను ముందు అయిదేళ్లు మన కోర్టుల్లో తిరిగాకే బయటి మధ్యవర్తుల దగ్గరికి పొమ్మన్నారు. వాళ్లకు అది బొత్తిగా నచ్చలేదు. 2024లో అమల్లోకి వచ్చిన యూఏఈ ఒప్పందంలో దాన్ని మూడేళ్లకు దించారు. చెరువు కింద పోయిన మా పెద్దనాయన రెండెకరాల కేసుకు ఇది పద్నాలుగో ఏడు.