ఎర్రర్ రాని తేదీలు

విద్యార్థి మిత్రులకు నమస్కారం.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి లెక్కలను సీఎస్‌వీ ఫైళ్లుగా (విలువల మధ్య కామాలుండే సాదా టెక్స్ట్ ఫైళ్లుగా) తెచ్చి, ఒక్కసారిగా డేటాబేస్‌లోకి ఎక్కించాల్సి వచ్చిందనుకుందాం. మన రాతలో 05/11/2023 అంటే నవంబరు 5. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, తేదీని ఏ క్రమంలో చదవాలో చెప్పే డేట్‌స్టైల్ అమరిక నెలను ముందుగా చదివేటట్టు ఉంటే అదే మే 11 అవుతుంది. 25/11/2023 దగ్గరకు రాగానే ఇరవై ఐదో నెల అంటూ లేదు కనుక, ఫైలును టేబుల్‌లోకి ఎక్కించే కాపీ ఆదేశం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలా ఆగిపోవడం మన అదృష్టమే. ఎర్రర్ ఇచ్చిన వరుసలను పక్కకు తీసి మిగిలినవాటిని ఎక్కించే తొందరలోనే అసలు నష్టం జరుగుతుంది.

ఏడాదిలో రోజు, నెల రెండూ పన్నెండు లోపే ఉండే తేదీలు 144. వాటిలో 01/01, 02/02 వంటి పన్నెండు తేదీలు తారుమారైనా మారవు. తక్కిన 132 ఏ హెచ్చరికా లేకుండా తప్పుడు రోజుకు చేరతాయి. నవంబరు మొదటి పన్నెండు రోజుల పత్తి అంతా జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలా 11వ తేదీన వచ్చినట్టు కనిపిస్తుంది. మృగశిర కార్తెలో రైతులు పత్తి గింజలు పెట్టే రోజుల్లో, జూన్ 11న, యార్డు నిండా పత్తి కనబడితే అనుమానించడానికి డేటాబేస్ పరిజ్ఞానం అక్కర్లేదు, వ్యవసాయం తెలిస్తే చాలు. అందుకే ఎక్కించిన వెంటనే నెలవారీ మొత్తాలను ఆ పంట తెలిసినవారికి చూపించాలంటాను.

తేదీని నేరుగా డేట్ కాలమ్‌లోకి పంపకుండా, మొదట స్టేజింగ్ టేబుల్‌లో, అంటే తాత్కాలికంగా దించుకునే టేబుల్‌లో, అక్షరాలుగానే దించుకుని, తరువాత రోజు, నెల, ఏడాదిని ఏ క్రమంలో చదవాలో స్పష్టంగా చెప్పి మార్చుకోవడం మేలు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లోడ్ డేటా ఆదేశంలోనైతే విలువను వేరియబుల్‌లోకి తీసుకుని, స్ట్ర్-టు-డేట్ ఫంక్షన్‌తో అక్కడికక్కడే మార్చవచ్చు. అలా చెప్పకపోతే మైఎస్‌క్యూఎల్ 10/11/12ను 2010 నవంబరు 12గా చదువుకుంటుంది. రెండంకెల సంవత్సరాల్లో 70 నుంచి 99 వరకు గత శతాబ్దానికి, 00 నుంచి 69 వరకు ఈ శతాబ్దానికి చేరుస్తుంది కనుక, 65లో పుట్టిన రైతు 2065లో పుట్టబోయేవాడవుతాడు. తేదీ ఉండవలసిన చోట 45292 వంటి అంకె కనిపిస్తే అది ఎక్సెల్ రోజులను లెక్కబెట్టే వరుస సంఖ్య; దాని అర్థం 2024 జనవరి 1.

ఉత్తర తెలంగాణ పాత భూమి కాగితాలది వేరే చిక్కు. సేత్వార్ అనే పాత భూమి రికార్డులో 1342 అని ఉంటే అది ఫసలీ సంవత్సరం, అంటే నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్క. డేటాబేస్ దానిని క్రీస్తుశకమనుకుని, కాకతీయ రాజ్యం పతనమైన 1323కు పందొమ్మిదేళ్ల తరువాతి కాలంగా, ఏ అభ్యంతరమూ లేకుండా దాచుకుంటుంది. 590 కలిపితే 1932 వస్తుంది. కానీ నిజాం ఏలుబడి చివరి దశాబ్దాల్లో ఫసలీ ఏడాది ఆజూర్ మాసంతో, అంటే అక్టోబరు మొదట్లో ఆరంభమయ్యేది కనుక అది 1932-33 అవుతుంది. నెల తెలియనప్పుడు జనవరి 1 అని కల్పించి రాయడం నా దృష్టిలో రికార్డును దిద్దడంతో సమానం. కాగితం మీది రాతను ఒక కాలమ్‌లో ఉన్నదున్నట్టు ఉంచి, మరొక కాలమ్‌లో, రెండు తేదీల మధ్య కాలాన్ని దాచే పోస్ట్‌గ్రెస్ డేట్‌రేంజ్ రకంతో ఆ ఏడాది మొదలూ చివరా నమోదు చేయండి.