ఈస్టర్ కదిలితే ఎవరెవరి సెలవులు కదులుతాయి

అందరికీ నమస్కారం. నేను మాట్లాడబోయేది దేవుడి గురించి కాదు, సెలవుల గురించి, కాబట్టి వెనక కూర్చున్న కుర్రాళ్ళు కూడా ఫోన్లు పక్కనపెట్టి కాసేపు వినొచ్చు.

క్రిస్మస్ ఎప్పుడంటే నిద్రలో లేపి అడిగినా డిసెంబర్ 25 అని చెప్తాం. గుడ్ ఫ్రైడే ఎప్పుడంటే మాత్రం క్యాలెండర్ తిప్పాల్సిందే. 2024లో మార్చి 29, 2025లో ఏప్రిల్ 18, 2026లో ఏప్రిల్ 3. మనకిది వింతేం కాదు లెండి, మన ఉగాదీ అలాగే తిరుగుతుంది, చంద్రుణ్ణి పట్టుకున్న పండగలన్నీ అంతే. రూల్ చిన్నదే: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్, దానికి రెండ్రోజుల ముందు గుడ్ ఫ్రైడే. ఈ లెక్కన ఈస్టర్ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. 2019 తీసుకోండి. ఆ ఏడు మార్చి 21 తెల్లవారుజామున, మన టైమ్ ప్రకారం మూడున్నరకి, పగలూ రాత్రీ సమానమయ్యే ఘడియ వచ్చింది, ఆ పొద్దున్నే ఏడు దాటాక పౌర్ణమి కూడా నిండింది, మనం హోలీ ఆడుకున్నాం. ఆకాశం చూసి లెక్కేస్తే మార్చి 24 ఆదివారం ఈస్టర్ వచ్చెయ్యాలి కదా, రాలేదు, ఏప్రిల్ 21న వచ్చింది. ఎందుకంటే చర్చి ఆకాశం వంక చూడదు, టేబుల్ చూస్తుంది. 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్ సరిచేసినప్పుడు వేసిన లెక్కలవి. ఆ టేబుల్ ప్రకారం పౌర్ణమి మార్చి 20న పడింది, ఒక్క రోజు తేడాతో మిస్, ఇంక తర్వాతి పౌర్ణమి ఏప్రిల్ 18 దాకా ఆగాల్సి వచ్చింది. చివరికి గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 19న పడి, అదే రోజు హైదరాబాద్‌లో హనుమాన్ శోభాయాత్ర కూడా జరిగింది.

సరే, ఈస్టర్ కదిలితే కదిలింది, మిగతావాళ్ళకేంటి అంటారా? పెళ్లి ముహూర్తం పెట్టాక పసుపు కొట్టేది ఎప్పుడు, పదహారు రోజుల పండగ ఎప్పుడు అని ముందుకీ వెనక్కీ లెక్కేస్తారు చూడండి, అక్కడా అంతే. ఈస్టర్‌కి 46 రోజుల ముందు భస్మ బుధవారం, మన చర్చిల్లో శ్రమల దినాలు, అంటే ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు, అక్కణ్ణుంచే మొదలు. దానికి ముందురోజు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో మార్డి గ్రా, ఆ చుట్టుపక్కల రోజుల్లోనే బ్రెజిల్‌లోని రియోలో కార్నివాల్, రెండూ ఉపవాసాలకి ముందు చేసుకునే వీధి సంబరాలు. ఆ రోడ్ల మీద డాన్స్ చేసేవాళ్ళలో చాలామందికి ఉపవాసంతో పనే లేకపోవచ్చు, కానీ వాళ్ళ డేట్ మాత్రం ఆ టేబుల్‌లోంచే వస్తుంది. 2027లో ఈస్టర్ మార్చి 28 కాబట్టి మార్డి గ్రా ఫిబ్రవరి 9నే. న్యూ ఆర్లీన్స్‌లో ఆ సీజన్ ఎప్పుడూ జనవరి 6న మొదలవుతుంది, అది మాత్రం కదలదు, అంటే ఈస్టర్ తొందరగా వస్తే సంబరం కురచ అయిపోతుంది, హోటళ్ళవాళ్ళకి ఆమేరకు సీజన్ తగ్గినట్టే.

గవర్నమెంట్లకి ఈ కదలడం విసుగే. బ్రిటన్ వాళ్ళు 1928లో చట్టమే చేశారు, ఏప్రిల్ రెండో శనివారం తర్వాతి ఆదివారం ఈస్టర్ అని. ఇంతవరకు అమల్లోకి రాలేదు, చర్చిలు ఏమంటున్నాయో చూసుకోవాలని అందులోనే రాసుకున్నారు మరి. కానీ ఈస్టర్ తర్వాత ఏడు వారాలకి వచ్చే విట్ మండే సెలవుని మాత్రం విడగొట్టేసి మే నెల చివరి సోమవారానికి కట్టేశారు. స్వీడన్ 2005లో అలాంటి సోమవారమే తీసేసి జూన్ 6 జాతీయ దినానికి సెలవిచ్చింది. డెన్మార్క్ అయితే 1686 నుంచి ఉన్న ప్రార్థన దినం సెలవుని, ఈస్టర్ తర్వాత నాలుగో శుక్రవారం వచ్చేది, 2024 నుంచి ఎత్తేసింది, రక్షణ ఖర్చులకి డబ్బు కావాలని. జనం రోడ్డెక్కారు. నన్నడిగితే అక్కడ కోపం ప్రార్థన పోయిందని కాదు, వసంతంలో ఒక లాంగ్ వీకెండ్ పోయిందని.

ఇంక గ్రీస్. అక్కడి ఆర్థడాక్స్ చర్చిలు, అంటే తూర్పు క్రైస్తవ శాఖ వాళ్ళవి, ఈస్టర్‌కి ఇప్పటికీ పోప్ గ్రెగరీ సరిచెయ్యకముందున్న పాత జూలియన్ లెక్కే వాడతాయి, వాళ్ళ మార్చి 21 అంటే మన ఏప్రిల్ 3, పౌర్ణమి టేబుల్ కూడా పాతదే. ఒక్కోసారి ఇద్దరి ఈస్టర్ ఒకేరోజు కలుస్తుంది, 2025లో కలిసింది, ఒక్కోసారి ఐదు వారాలు దూరం, 2024లో అలాగే అయ్యింది, వాళ్ళకి మే 5. దాంతో ఏమైందంటే మే డే ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో పడింది, గ్రీస్ ప్రభుత్వం కార్మికుల సెలవుని మే 7కి జరిపింది. ఎర్రజెండా పండగ కూడా చర్చి క్యాలెండర్‌కి దారి ఇచ్చిందన్నమాట! 2021లోనూ ఇంతే, మే 1 ఈస్టర్ ముందు శనివారమైతే సెలవు మే 4కి పోయింది. 2027లో వాళ్ళ ఈస్టర్ మళ్ళీ మే 2, ముందురోజు మళ్ళీ మే డేనే, ఈసారి ఏ రోజుకి జరుపుతారో చూడాలి.

నా టైమ్ అయిపోయినట్టుంది, ప్రశ్నలుంటే అడగండి.