చోక్ తెరవగానే ఊగిపోయే ఇంజిను: కార్బొరేటర్‌లో దాగి ఉన్న పైలట్ జెట్‌ను శుభ్రం చేయడం

నమస్కారం. నేను మాట్లాడటానికి ముందు ఈ ఇంజిను శబ్దాన్ని కొద్దిసేపు వినండి. వేగం లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఇప్పుడు చోక్‌ను, అంటే లోపలికి వచ్చే గాలిని తగ్గించే రెక్కను, సగం మూస్తున్నాను, చూడండి, కుదురుగా నడుస్తోంది. పూర్తిగా తెరిచాను, మళ్లీ ఊగడం మొదలైంది. ఇది హోండా జీఎక్స్ 160 తరహాకు చెందిన 163 సీసీ నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజిను. కొన్ని నెలల పాటు పెట్రోలు లోపలే ఉంచి పక్కన పెట్టేసిన చిన్న ఇంజిన్లలో చాలావాటికి వచ్చే జబ్బు ఇదే.

విప్పడానికి ముందు అసలు ఏం జరుగుతోందో చెప్పుకోవాలి, ఎందుకంటే అది తెలియకనే నేను మొదటిసారి తప్పుదారి పట్టాను. ఇంజిను మీద బరువు, అంటే పని భారం, లేనప్పుడు ఇంజినులోకి వెళ్లే మిశ్రమాన్ని అదుపు చేసే థ్రాటిల్ రెక్క దాదాపు మూసుకునే ఉంటుంది కనుక, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ నడిమి గొట్టంలో గాలి వేగం చాలక, మెయిన్ జెట్ (పెట్రోలు కొలతగా వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) గుండా పెట్రోలు పైకి రాదు. ఆ సమయంలో ఇంజినుకు కావలసిన పెట్రోలును చాలావరకు అందించేది పైలట్ జెట్. అది పూడుకుపోతే పెట్రోలు తగ్గి వేగం పడిపోతుంది, వేగం పడిందని, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ థ్రాటిల్ రెక్కను తెరుస్తుంది, రెక్క తెరుచుకోగానే మెయిన్ జెట్ అందుకుని వేగం పెరుగుతుంది, పెరిగిందని గవర్నర్ మళ్లీ మూస్తుంది. మీరు విన్న ఊగుడు అదే. చోక్ మూసినప్పుడు గాలి తగ్గి, లోపల పీల్పు పెరిగి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది కాబట్టి లోపం కప్పబడుతుంది. ఇంజిను మీద బరువు పడగానే ఊగుడు ఆగిపోతే మాత్రం అనుమానం ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే బరువు మీద పని చేసేది మెయిన్ జెట్.

ఇక విప్పుదాం. పెట్రోలు కాక్ మూశాను, స్పార్క్ ప్లగ్ టోపీ ఊడదీశాను, ఎయిర్ ఫిల్టర్ మూత తీశాను. పదో నంబరు పానాతో ఈ రెండు నట్లు, ఇదిగో ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, విప్పితే ఫిల్టర్ అడుగుభాగం బయటికి వస్తుంది. గవర్నర్ కడ్డీని, దాని పక్కనే ఉన్న సన్నటి స్ప్రింగును తప్పించే ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. ఏ రంధ్రంలో ఏది ఉందో గుర్తుంటుందని నేనూ అనుకునేవాణ్ణి. పెట్రోలు పైపు తీస్తే కార్బొరేటర్ ఇలా చేతికి వచ్చేస్తుంది. వెనుక ఉన్న ప్యాకింగులు చిరగకుండా చూసుకోండి.

కింది గిన్నెను పట్టి ఉంచేది ఒకే బోల్టు, అదీ పదో నంబరే. గిన్నెలో ఈ పసుపుపచ్చని జిగురు కనిపిస్తోందా? పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలినది ఇలా వార్నిష్‌లా గట్టిపడుతుంది. ఫ్లోట్ పిన్ను లాగితే, గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ వస్తుంది, దానితో పాటే సన్నని సూది జారి పడుతుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ పరుచుకుంటే వెతుక్కునే పని ఉండదు. నడిమి స్తంభంలో ఉన్న మెయిన్ జెట్‌ను సరిగ్గా పట్టే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో విప్పాలి, ఎందుకంటే ఇత్తడి మెత్తనిది, వదులుగా ఉన్న స్క్రూడ్రైవర్ దాని గాడిని తినేస్తుంది. దాని వెనుకే అడ్డరంధ్రాలున్న ఈ నాజిల్ గొట్టం కూడా దిగుతుంది. రెండింటికీ కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి పక్కన పెడుతున్నాను. ఇదంతా మీరు ఇప్పటికే చూసి ఉంటారు, అందుకే తొందరగా దాటుతున్నాను.

ఇక్కడ నెమ్మదిగా చూద్దాం. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను ఇక్కడిదాకా వచ్చి, మెయిన్ జెట్ మెరిసిపోయేలా తుడిచి, అన్నీ బిగించి, ఇంజిను తిప్పాను, అలాగే ఊగింది. మళ్లీ విప్పాను, మళ్లీ అదే మెయిన్ జెట్‌ను తుడిచాను, మళ్లీ ఊగింది. మూడోసారి కూడా అదే చేశాను. పైలట్ జెట్ ఎక్కడుందో నాకు కనిపించలేదు, కనిపించదు కూడా, ఎందుకంటే అది కింద ఉండదు, గిన్నె విప్పితే బయటపడదు. కార్బొరేటర్ పైభాగంలో, ఐడిల్ వేగాన్ని, అంటే బరువు లేకుండా నెమ్మదిగా తిరిగే వేగాన్ని, సర్దే ఈ ప్లాస్టిక్ తలగల స్క్రూ పక్కనే, నల్లటి చిన్న ప్లాస్టిక్ మూతలాగా ఉంటుంది. దాన్ని చూసి ఏదో బిరడా అనుకుని వదిలేశాను. ఆ బిరడాయే పైలట్ జెట్.

కెమెరాను దగ్గరికి తెస్తున్నాను. ఐడిల్ స్క్రూ తల ఈ జెట్ అంచు మీదికి వచ్చి దాన్ని పట్టి ఉంచుతోంది, అందువల్ల ముందు స్క్రూను తీయాలి. తీసే ముందు లోపలికి తిప్పుతూ, స్క్రూ అడ్డం తగిలి ఆగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి; నాకు ఇక్కడ రెండుంపావు వచ్చింది, మీకు వేరుగా రావచ్చు. ఇప్పుడు చిన్న చదునైన స్క్రూడ్రైవర్‌ను మూత అంచు కింద పెట్టి, ఒకవైపు కొద్దిగా, రెండోవైపు కొద్దిగా లేపుతున్నాను. దీనికి మరలు లేవు, తిప్పకండి, ఓ-రింగు అనే రబ్బరు ఉంగరం పట్టుతో మాత్రమే నిలబడి ఉంది. వచ్చేసింది.

దీపానికి ఎదురుగా పట్టుకుంటున్నాను. కొసన ఉన్న ఇత్తడి ముక్కలో రంధ్రం ఉండాలి, వెలుగు కనిపించాలి. ఏమీ కనిపించడం లేదు. ఈ జెట్లలో రంధ్రం వ్యాసం మామూలుగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది కనుక, జిగురు పలుచగా ఒక పొర పట్టినా చాలు. ముందు క్లీనర్ కొట్టి పది నిమిషాలు నాననిస్తాను, అయితే ఓ-రింగును తీసి పక్కన పెట్టాకే, ఎందుకంటే క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. తరువాత మెత్తని వైరులోంచి ఒకే ఒక రాగి పోగు తీసుకుంటాను. చాలా వైర్లలో ఒక పోగు మందం 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, పైగా రాగి ఇత్తడి కన్నా మెత్తనిది కాబట్టి రంధ్రాన్ని గీకదు. గిటారు తీగలలో అన్నిటికన్నా సన్నది కూడా, 0.25 మిల్లీమీటర్ల దరిదాపు ఉంటుంది కాబట్టి, ఇందులో దూరుతుంది, చాలామంది దాన్నే వాడతారు. అది ఉక్కు కనుక నాకు నచ్చదు. డ్రిల్ బిట్టు మాత్రం దగ్గరికి కూడా తేవద్దు, రంధ్రం ఒక్క వెంట్రుకవాసి పెద్దదైనా ఆ జెట్ పనికిరాదు.

ఇదిగో, పోగు దూరింది. మళ్లీ దీపానికి పట్టుకుంటున్నాను. సూదిమొన అంత వెలుగు, గుండ్రంగా కనిపిస్తోంది. గుండ్రంగా లేకపోతే, అర్ధచంద్రంలా ఉంటే, ఇంకా ఒక పక్క జిగురు మిగిలి ఉన్నట్టే లెక్క.

జెట్ కూర్చునే గూడును కూడా మరచిపోకండి. కళ్లద్దాలు పెట్టుకున్నాకే క్లీనర్ గొట్టాన్ని ఈ గూట్లో పెట్టి కొట్టండి, ఎందుకంటే ఇక్కడ కొట్టింది ఇంకో రంధ్రంలోంచి నేరుగా ముఖం మీదికి వస్తుంది. థ్రాటిల్ రెక్క అంచు దగ్గరున్న చిన్న రంధ్రాలలోంచి ధార రావాలి. వచ్చింది, చూశారా? చివరగా గాలి కొట్టి ఆరబెట్టాను. గాలి కొట్టేటప్పుడు ఫ్లోట్‌ను కార్బొరేటర్‌లో ఉంచకూడదు.

బిగించడం విప్పినదానికి తిరుగువరుసే. ఓ-రింగుకు రెండు చుక్కల ఇంజిను ఆయిల్ రాసి పైలట్ జెట్‌ను బొటనవేలితో నొక్కాను, ఐడిల్ స్క్రూను లోపలికి బిగించి రెండుంపావు చుట్లు వెనక్కి తిప్పాను, మెయిన్ జెట్, నాజిల్, సూది, ఫ్లోట్, గిన్నె, అంతా అయింది. ఇంజినుకూ కార్బొరేటర్‌కూ మధ్య ఉన్న నల్లటి దిమ్మకు రెండు వైపులా ప్యాకింగు ఉండాలి. ఒకటి చిరిగితే అక్కడినుంచి అదనపు గాలి లాగి, సరిగ్గా ఇదే ఊగుడు మళ్లీ వస్తుంది, అప్పుడు మీరు నాలాగే జెట్‌ను అనుమానిస్తూ కూర్చుంటారు. పాత ప్యాకింగు కొద్దిగా నలిగినా నేను కొత్తదే వేస్తాను.

గవర్నర్ కడ్డీ, స్ప్రింగు ఫోటో చూసి తగిలించాను. ట్యాంకులోని పాత పెట్రోలును తీసేసి కొత్తది పోశాను. పాతదే ఉంచితే ఇప్పటిదాకా పడిన శ్రమంతా దండగ. ప్లగ్ టోపీ పెట్టి, కాక్ తెరిచి, చోక్ మూసి తాడు లాగుతున్నాను. మొదటి లాగుడుకు రాలేదు, గిన్నె నిండాలి కదా. మూడో లాగుడుకు అంటుకుంది. చోక్‌ను నెమ్మదిగా తెరుస్తున్నాను, సగం, ముప్పావు, పూర్తిగా. వినండి, ఊగుడు లేదు. థ్రాటిల్ తగ్గించి, ఐడిల్ స్క్రూతో నిమిషానికి 1,400 తిరుగుళ్ల దగ్గర నిలబెడుతున్నాను.

ఈ ఇంజినును ఇక కొన్ని వారాల దాకా వాడను కాబట్టి, కార్బొరేటర్‌లోని పెట్రోలును ఖాళీ చేస్తున్నాను. కాక్ మూశాను. గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంకొంతసేపు నడుస్తుంది. అదిగో, వేగం మెల్లగా తగ్గుతోంది. ఆగిపోయింది. గిన్నె అడుగున ఇంకా కొన్ని చుక్కలు ఉంటాయి, డ్రెయిన్ బోల్టును ఒక చుట్టు వదులు చేసి వాటిని కూడా ఈ డబ్బాలోకి వదిలేస్తున్నాను.